చార్టర్ స్కూల్లో సీటొచ్చింది, చేర్పించమంటారా?

ప్రశ్న: అక్కా, నమస్తే. మేము న్యూజెర్సీలో, జర్సీ సిటీ జర్నల్ స్క్వేర్ దగ్గర అద్దెకుంటున్నాం. మా ఆయన ఐటీ ఉద్యోగి, నేను ఇంట్లోనే ఉంటాను. పాప ఎనిమిదో క్లాసు అయిపోవచ్చింది. మార్కులు చూసి ఎంపిక చేసుకునే ప్రభుత్వ స్కూలు మెక్‌నైర్ అకడమిక్ హైస్కూల్‌కి అప్లై చేస్తే రాలేదు. ఒక చార్టర్ హైస్కూల్ లాటరీలో మాత్రం పేరొచ్చింది. చిన్న స్కూలు. ఎక్కువమంది బ్లాక్, హిస్పానిక్ కుటుంబాల పిల్లలు. గుమ్మంలోనే 'కాలేజీ కోసం, సామాజిక న్యాయం కోసం' అని పెద్ద అక్షరాలతో రాసి పెట్టారు. పాప ఒకరోజు వెళ్ళి క్లాసుల్లో కూర్చుని వచ్చింది. గార్ఫీల్డ్ అవెన్యూ దగ్గర నేలలో కలిసిన క్రోమియం గురించి పిల్లలు వ్యాసాలు రాస్తున్నారట. పక్కనున్న అమ్మాయి కాగితం మీద టీచర్ రెండు మూడు చోట్ల 'ఇది ఎక్కడ చూశావు?' అని రాసిందట. 'నాక్కూడా అలాంటి క్లాసులో చదవాలనుంది' అని అప్పట్నుంచీ ఒకటే పాట.

మా ఆయనది గుంటూరు. కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో ఉండి ఎంసెట్ ర్యాంకు తెచ్చుకున్నవారు. 'స్కూల్లో లెక్కలు చెప్పాలి గానీ ఈ ఉద్యమాలేంటి' అంటారు. ఎడిసన్‌లో ఉండే మా బావగారైతే 'ఆ పిల్లల మధ్య వేస్తారా? ఇల్లు మారి ఇటొచ్చెయ్యండి' అంటున్నారు. నేను కరీంనగర్ జిల్లాలో సోషల్ వెల్ఫేర్ గురుకులంలో చదువుకున్నాను. ఆ సంగతి మా ఆయనకు తెలుసు, బావగారింట్లో మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. పాపకూ చెప్పలేదు. నేనూ పాపా మా ఆయన ఉద్యోగ వీసా మీద ఆధారపడిన హెచ్-4 వీసా మీద ఉన్నాం, గ్రీన్ కార్డు ఇంకా రాలేదు. వారంలోగా సీటు కావాలో వద్దో చెప్పమన్నారు. టెన్షన్‌గా ఉంది. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, ముందు సీటు ఒప్పుకోండి. ఒప్పుకున్నంత మాత్రాన కట్టుబడిపోయినట్టు కాదు. మీరు జర్సీ సిటీలో ఉన్నంతకాలం మీ ప్రాంతపు జిల్లా (స్కూల్ డిస్ట్రిక్ట్) ప్రభుత్వ హైస్కూల్లో చేరే హక్కు పాపకు ఎప్పుడూ ఉంటుంది. ఇక్కడ నచ్చకపోతే ఏడాది మధ్యలో కూడా వెళ్ళవచ్చు. వదులుకున్న చార్టర్ సీటు మాత్రం వెయిటింగ్ లిస్టులో తర్వాతి పిల్లకు పోతుంది, మళ్ళీ రావడం కష్టం. సీటు చేతిలో పెట్టుకుని ఈ వేసవిలోగా తేల్చుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకటి మీవారు అడుగుతున్నదే.

అంతకుముందు చిన్న మాట. చార్టర్ అంటే ప్రైవేటు స్కూలని మనవాళ్ళలో కొందరు, దిక్కులేనివాళ్ళ స్కూలని ఇంకొందరు అనుకుంటారు. రెండూ కాదు. 1991లో మిన్నెసోటా చట్టం చేసింది, మరుసటి ఏడాది సెయింట్ పాల్‌లో మొదటి చార్టర్ స్కూల్ తెరిచారు. ప్రభుత్వ డబ్బుతో నడుస్తుంది, ఫీజు ఉండదు. జిల్లా బోర్డు కింద కాకుండా సొంత ట్రస్టీల బోర్డు కింద ఉంటుంది. దరఖాస్తులు సీట్ల కన్నా ఎక్కువైతే లాటరీ తియ్యాలి. న్యూజెర్సీలో రాష్ట్ర విద్యాశాఖ కమిషనర్ మొదట నాలుగేళ్ళకు అనుమతిస్తారు, తర్వాత ఐదేళ్ళకోసారి రెన్యూవల్. ఆ రెన్యూవల్ ఎప్పుడుందో తప్పకుండా అడగండి. పాప పదకొండులో ఉండగా స్కూలు మూతపడే పరిస్థితి రాకూడదు కదా.

నగరాల్లోని చార్టర్ స్కూళ్ళ మీద స్టాన్‌ఫర్డ్‌లోని క్రెడో సంస్థ 2015లో 41 పట్టణ ప్రాంతాలు తీసుకుని పెద్ద అధ్యయనం చేసింది. జిల్లా స్కూళ్ళలో చదివే అలాంటి పిల్లలతో పోలిస్తే ఏడాదికి లెక్కల్లో సుమారు 40 రోజులు, చదవడంలో 28 రోజులు ఎక్కువ చదువుకున్నంత మేలు కనిపించిందని తేల్చింది. అయితే అది సగటు. సగటు కన్నా బాగా పైనున్న స్కూళ్ళూ ఉన్నాయి, బాగా కిందనున్నవీ ఉన్నాయి. మీకు కావాల్సింది ఈ ఒక్క స్కూలు సంగతి.

దాన్ని చూడాల్సిన పద్ధతి చెబుతాను. కాలేజీ పేరు చెప్పుకునే చార్టర్ స్కూళ్ళు చాలావరకు 'మా పిల్లలు నూటికి నూరుమంది కాలేజీ అడ్మిషన్ తెచ్చుకున్నారు' అంటాయి. అబద్ధమని అనను. 2010లో షికాగోలోని అర్బన్ ప్రెప్ అనే చార్టర్ స్కూల్ మొదటి బ్యాచ్ 107 మందికీ నాలుగేళ్ళ కాలేజీల్లో అడ్మిషన్లు వచ్చాయి, దేశమంతా మెచ్చుకుంది. మెచ్చుకోవాల్సిందే. కానీ ఆ నూరు శాతం పన్నెండు పూర్తిచేసినవాళ్ళ లెక్క. తొమ్మిదిలో చేరి మధ్యలో వెళ్ళిపోయినవాళ్ళు అందులో లేరు. మనకిది కొత్తా? మన కాలేజీల హోర్డింగుల మీద ర్యాంకులు కనిపిస్తాయి, సెక్షన్ మార్చబడ్డ పిల్లలూ, హాస్టల్ నుంచి ఇంటికెళ్ళిపోయిన పిల్లలూ కనిపించరు. ఆ హాస్టల్లో మీవారు ఉన్నారు కాబట్టి నాకన్నా ఆయనకే బాగా తెలుసు. ఆయన్నే ఈ పని చెయ్యమనండి.

న్యూజెర్సీ విద్యాశాఖ ప్రతి స్కూలుకీ ఏటా స్కూల్ పెర్ఫార్మెన్స్ రిపోర్ట్ ఇస్తుంది. ఏ క్లాసులో ఎంతమంది ఉన్నారో అందులో ఉంటుంది. ఒక ఏడాది తొమ్మిదిలో ఎంతమందో చూడండి, మూడేళ్ళ తర్వాతి రిపోర్టులో పన్నెండులో ఎంతమందో చూడండి. నలుగురైదుగురు తగ్గితే పర్వాలేదు, ఇళ్ళు మారతారు. పావు వంతు పోతే అడగాలి. అంకె తగ్గకపోయినా ఒక మెలిక ఉంది. వెళ్ళినవాళ్ళ స్థానంలో వెయిటింగ్ లిస్టు నుంచి పిల్లల్ని తీసుకుంటే మొత్తం అంతే కనిపిస్తుంది. అందుకని స్కూలుకి వెళ్ళి నేరుగా అడగండి: తొమ్మిదిలో చేరిన పిల్లల్లో ఎంతమంది మీ దగ్గరే పన్నెండు పూర్తిచేశారు? వెళ్ళినవాళ్ళు ఎందుకు వెళ్ళారు? ప్రిన్సిపాల్ రెండో ప్రశ్నకు ఆలోచించి, ఇద్దరు ముగ్గురి పరిస్థితి పేర్లు లేకుండా చెప్పగలిగితే ఆ స్కూలు మీద నమ్మకం పెట్టుకోవచ్చు. 'మా పద్ధతికి వాళ్ళు సరిపోలేదు' అంటే మాత్రం గుమ్మంలో రాసిన రెండో మాటకు విలువ లేదని అర్థం.

మూడో ప్రశ్న ఇంకా ముఖ్యం. కాలేజీలో చేరినవాళ్ళలో డిగ్రీ పూర్తిచేసినవాళ్ళు ఎందరు? దీన్ని పెద్దగా పట్టించుకునేలా చేసింది కిప్ అనే చార్టర్ స్కూళ్ళ సంస్థ. 1994లో హ్యూస్టన్‌లో మొదలైంది. తమ దగ్గర మిడిల్ స్కూల్ పూర్తిచేసి పదేళ్ళు దాటిన పిల్లల లెక్క తీసి, నాలుగేళ్ళ డిగ్రీ చేతికొచ్చింది 33 శాతం మందికేనని 2011లో తామే బయటపెట్టారు. పేద కుటుంబాల పిల్లల్లో అప్పటి సగటు కన్నా అది చాలా ఎక్కువ. అయినా వాళ్ళు పెట్టుకున్న ఆశకు దూరంగా ఉంది. చేర్చితే సరిపోదు, చేరాక రెండో సంవత్సరంలో డబ్బు చాలక, ఒంటరితనంతో ఆగిపోయే పిల్లల్ని పట్టుకోవాలని అప్పుడు గట్టిగా తెలిసింది. పాత విద్యార్థులు కాలేజీలో కొనసాగుతున్నారా లేదా అన్నది నేషనల్ స్టూడెంట్ క్లియరింగ్‌హౌస్ నుంచి హైస్కూళ్ళు తెప్పించుకోవచ్చు. మీ స్కూలు తెప్పించుకుంటోందా, దాన్ని చూసి ఏం మార్చుకుందో అడగండి. పాత పిల్లలకు ఫోన్ చేసి మాట్లాడే మనిషి అక్కడ ఒకరున్నారా అనీ అడగండి.

ఇక మీవారి లెక్కల సంగతి. ఆయన భయం సరైనదే, దాన్ని కొట్టిపారెయ్యొద్దు. చిన్న స్కూళ్ళకు ఉండే అసలు ఇబ్బంది ఇదే. పన్నెండులో కాలిక్యులస్ చదవాలంటే వెనక్కి లెక్కేసుకోండి: పదకొండులో ప్రీకాలిక్యులస్, పదిలో ఆల్జీబ్రా 2, తొమ్మిదిలో జామెట్రీ. అంటే ఎనిమిదో క్లాసులోనే ఆల్జీబ్రా 1 అయిపోయి ఉండాలి. పాపకు అయిందా? అయితే ఆమెను తొమ్మిదిలో నేరుగా జామెట్రీలో కూర్చోబెడతారా, లేక అందరితో కలిపి మళ్ళీ ఆల్జీబ్రా 1 చెబుతారా? ఇది అడగకుండా వదిలేస్తే ఒక ఏడాది పోతుంది, తర్వాత ఎవరూ తిరిగివ్వలేరు. అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ కోర్సుల్లో (హైస్కూల్లోనే కాలేజీ స్థాయిలో చెప్పేవి) కాలిక్యులస్, ఫిజిక్స్ ఉన్నాయా, కిందటేడు నిజంగా క్లాసు నడిచిందా లేక జాబితాలో పేరు మాత్రమేనా చూడండి. ఆ స్థాయి క్లాసుకు పిల్లలు చాలకపోతే హడ్సన్ కౌంటీ కమ్యూనిటీ కాలేజీలో కోర్సు చేసే ఏర్పాటు ఉందా కనుక్కోండి. ఇవేవీ లేవని తేలితే, నేను మీవారి పక్షానే ఉంటాను. సామాజిక న్యాయం పేరు పెట్టుకున్న స్కూలు లెక్కల్లో తక్కువ చెబితే, అన్యాయం జరిగేది ఆ పిల్లలకే.

కానీ ఆయన 'ఈ ఉద్యమాలేంటి' అన్నారే, అక్కడ మాత్రం నాకు అభ్యంతరం ఉంది. మీ పాప చూసొచ్చిన కాగితం గుర్తు చెయ్యండి ఆయనకు. గార్ఫీల్డ్ అవెన్యూలో ఒకప్పుడు క్రోమేట్ ఫ్యాక్టరీ ఉండేది. దాని వ్యర్థాన్ని హడ్సన్ కౌంటీలో చాలాచోట్ల గోతులు పూడ్చడానికి వాడేశారు. ఆ నేలను శుభ్రం చెయ్యడానికి దశాబ్దాలు పట్టింది. పదిహేనేళ్ళ పిల్ల దీని గురించి ఆవేశంగా రెండు పేజీలు రాస్తే, టీచర్ పక్కన 'ఇది ఎక్కడ చూశావు?' అని రాసింది. అంటే ఆ పిల్ల మళ్ళీ వెళ్ళి రాష్ట్ర పర్యావరణ శాఖ రికార్డు చదవాలి, హెక్సావాలెంట్ క్రోమియం మిగతా క్రోమియంకన్నా ఎందుకు ప్రమాదమో కెమిస్ట్రీలో చూసుకోవాలి, మట్టిలో ఎంత ఉంటే ఎక్కువో అంకె వెతకాలి, అప్పుడు వాక్యం తిరగరాయాలి. కాలేజీ మొదటి సంవత్సరంలో మన తెలుగు పిల్లలు చాలామంది తడబడేది సరిగ్గా ఇక్కడే. ఫార్ములా వస్తుంది, తమ మాటకు తామే ఆధారం వెతికి చూపించడం రాదు. గుమ్మంలో రాసిన రెండు మాటలూ ఆ ఒక్క కాగితంలోనే ఉన్నాయి.

అయితే అన్ని క్లాసులూ అలా ఉంటాయని నేను హామీ ఇవ్వలేను. టీచర్ అభిప్రాయాన్నే పిల్లలు తిరగరాసి ఇస్తే మార్కులు పడే క్లాసులూ ఉంటాయి. అందుకే మీవారు కూడా ఒకసారి వెళ్ళి చూడాలి. టీచర్‌తో ఒప్పుకోని పిల్లకు ఎలాంటి మార్కులొచ్చాయో అడగండి, అలాంటి కాగితం ఒకటి చూపించమనండి.

ఈ విషయాలు మనకు సంబంధించినవి కావనుకోవడం ఎంత పొరపాటో జర్సీ సిటీలో ఉంటున్న మీకు ఎవరూ చెప్పి ఉండరు. 1987లో మీరుండే ఆ వీధుల్లోనే 'డాట్‌బస్టర్స్' అని పేరు పెట్టుకున్న ముఠా బొట్టు పెట్టుకున్న ఆడవాళ్ళను వెంటాడింది, ఇళ్ళ మీద పడింది. భారతీయులను ఇక్కణ్ణించి తరిమేస్తామని స్థానిక పత్రికకు ఉత్తరం రాశారు, అది అచ్చయింది. ఆ సెప్టెంబరులో పక్కనే హోబోకెన్‌లో నవరోజ్ మోడీ అనే బ్యాంకు ఉద్యోగిని కొందరు కుర్రాళ్ళు కొట్టారు, కొద్దిరోజులకు ఆయన చనిపోయారు. మనవాళ్ళు, ముఖ్యంగా కాలేజీ పిల్లలు, రోడ్డెక్కి నిలదీసిన తర్వాతే అధికారులు కదిలారు. ఇవాళ మీరు న్యూఆర్క్ అవెన్యూలో బొట్టు పెట్టుకుని కూరగాయలు కొనుక్కుంటున్నారంటే దాని వెనక ఆ పోరాటం ఉంది. ఇంకా వెనక్కి వెళితే, మన డాక్టర్లూ ఇంజనీర్లూ ఈ దేశానికి రాగలిగింది 1965 వలస చట్టం వల్ల. బ్లాక్ ప్రజలు పౌరహక్కుల కోసం దెబ్బలు తిని సాధించిన 1964 చట్టం తర్వాత, అదే ఊపులో వచ్చిన చట్టం అది. 2022 జనవరిలో న్యూజెర్సీ ఆసియన్ అమెరికన్ల చరిత్రను స్కూళ్ళలో చెప్పాలని చట్టం చేసింది కాబట్టి ఎడిసన్‌లోనూ ఇది చెప్పాల్సిందే. ఆ చార్టర్ స్కూల్లో కాస్త లోతుగా చెబుతారేమో, అంతే తేడా.

ఇప్పుడు బావగారి మాట. 'ఆ పిల్లలు' అన్నారు. మీరు రాసిన ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా బాధపెట్టింది అదే. ఆ పిల్లల తల్లిదండ్రులు మీలాగే ఫారం నింపారు, మీలాగే లాటరీ రోజున ఎదురుచూశారు. పెద్దాయనతో గొడవ పెట్టుకోమనను. కానీ ఆ మాట పాప ముందు అన్నప్పుడు మీరో మీవారో 'అలా అనొద్దు బావగారూ', 'వద్దన్నయ్యా' అని అక్కడికక్కడే చెప్పండి. రేపు ఆ పిల్లల్లోనే ఒకమ్మాయి మీ ఇంటికొచ్చి పాపతో కూర్చుని చదువుకుంటుంది. ఎడిసన్ స్కూళ్ళు మంచివే, కాదనను. వెళ్ళాలనుకుంటే అద్దె, మీవారి ప్రయాణం చూసుకుని వెళ్ళండి, ఈ భయంతో మాత్రం వెళ్ళొద్దు.

క్రమశిక్షణ గురించి కూడా కనుక్కోవాలి. కాలేజీ లక్ష్యంగా పెట్టుకున్న నగర చార్టర్ స్కూళ్ళలో చాలా ఏళ్ళు ఒక పద్ధతి నడిచింది. వరండాలో మాట్లాడకుండా గీత మీద నడవాలి, టీచర్ని చూస్తూ నిటారుగా కూర్చోవాలి, షర్టు బయటికొస్తే డీమెరిట్. ఫలితాలొచ్చాయి, పిల్లల మనసులు విరిగాయన్న ఫిర్యాదులూ వచ్చాయి. పాత విద్యార్థులే ముందుకొచ్చి మాట్లాడారు. కిప్ సంస్థ 'కష్టపడు, మంచిగా ఉండు' అన్న తన పాత నినాదాన్ని కూడా 2020లో వదిలేసింది. ఇంటర్ హాస్టళ్ళు చూసిన మనకు ఇలాంటివి మంచి క్రమశిక్షణగానే అనిపిస్తాయి, అదే జాగ్రత్తపడాల్సిన చోటు. సస్పెన్షన్ల శాతం కూడా ఆ రాష్ట్ర రిపోర్టులోనే ఉంటుంది. ఇద్దరు పిల్లలు కొట్టుకుంటే ఆ మధ్యాహ్నం ఏం జరుగుతుందో చెప్పమని స్కూల్లో అడగండి. పాప వెళ్ళినరోజు వరండాలో పిల్లలు నవ్వుకుంటూ నడిచారా అని పాపను అడగండి.

వీసా విషయంలో మాత్రం మీరు స్కూలు మీద ఆధారపడొద్దు. ఇలాంటి స్కూళ్ళ కాలేజీ కౌన్సెలర్లు ఫాఫ్సా అనే ఫెడరల్ సాయం దరఖాస్తు నింపించడంలో, పేద పిల్లలకిచ్చే పెల్ గ్రాంటు ఇప్పించడంలో ఆరితేరినవాళ్ళు. వాళ్ళ పిల్లల్లో ఎక్కువమందికి అవే దిక్కు. హెచ్-4 పిల్లలకు ఫెడరల్ సాయం ఏదీ రాదు. కొన్ని కాలేజీలు హెచ్-4 పిల్లల్ని విదేశీ విద్యార్థుల కిందే లెక్కేస్తాయి. 21 ఏళ్ళు నిండేసరికి గ్రీన్ కార్డు రాకపోతే పాప డిపెండెంట్ హోదా పోతుంది, అది సరిగ్గా కాలేజీ మధ్యలో పడుతుంది. కాబట్టి తొమ్మిదిలోనే కౌన్సెలర్‌ను కలిసి మా పరిస్థితి ఇదీ అని చెప్పండి. రట్గర్స్ లాంటి రాష్ట్ర యూనివర్సిటీల్లో రాష్ట్రవాసులకుండే తక్కువ ఫీజు వర్తిస్తుందో లేదో ఆ కాలేజీనే అడిగి రాతపూర్వకంగా తీసుకోండి, మీ ఇమిగ్రేషన్ లాయర్‌తో పాప వయసు లెక్క వేయించుకోండి. ఒక కౌన్సెలర్‌కు 250 మంది పిల్లలకు మించి ఉండకూడదని అమెరికన్ స్కూల్ కౌన్సెలర్ల సంఘం చెబుతుంది. చిన్న చార్టర్ స్కూల్లో ఆ సంఖ్య బాగా తక్కువుంటే, మీలాంటి చిక్కున్న కుటుంబానికి అదే పెద్ద లాభం.

చివరికి మీ గురుకులం గురించి. 1971లో సర్వేల్‌లో మొదటి గురుకులం పెట్టినప్పటినుంచీ, ఆ తర్వాత సాంఘిక సంక్షేమ గురుకులాలు వచ్చిన తర్వాత మరీనూ, ఆ స్కూళ్ళు చేసిన పని ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. 2014లో మాలావత్ పూర్ణ పదమూడేళ్ళకు ఎవరెస్ట్ ఎక్కింది మీలాంటి హాస్టల్ నుంచే. ఫీజు లేని చదువు, పైకి చదవాలన్న పట్టు, 'నువ్వెవరికీ తక్కువ కాదు' అన్న ధైర్యం, మూడూ ఒకేచోట దొరకొచ్చని మీ ఇంట్లో అనుభవంతో తెలిసింది మీ ఒక్కరికే. ఈ నిర్ణయంలో మీ మాటకు మీవారి ర్యాంకు కన్నా ఎక్కువ విలువ ఉండాలి. బావగారింట్లో ఎప్పుడు చెప్పాలో, అసలు చెప్పాలో వద్దో మీ ఇష్టం, దానికి వెయ్యి కారణాలుంటాయి, నేను ఒత్తిడి చెయ్యను. పాపకు మాత్రం చెప్పండి, స్కూల్లో చేరకముందే చెప్పండి. డార్మిటరీ, స్టడీ అవర్, మిమ్మల్ని నిలబెట్టిన టీచరమ్మ, అన్నీ. ఆ స్కూల్లో వాళ్ళ వాళ్ళ కుటుంబ చరిత్ర రాయమని ఎప్పుడో ఒకప్పుడు అడుగుతారు. అప్పుడు తన దగ్గర రాయడానికేమీ లేదని పాప అనుకోకూడదు.

ఈ వారం చెయ్యాల్సింది ఇదమ్మా: సీటు ఒప్పుకుంటూ ఈమెయిల్ పంపండి, అందులోనే లెక్కల టీచర్‌ను కలవడానికి సమయం అడగండి. మెక్‌నైర్‌లో వెయిటింగ్ లిస్టు ఉందేమో కనుక్కుని పేరు ఉంచండి. ట్రస్టీల బోర్డు సమావేశాలకు ఎవరైనా వెళ్ళవచ్చు, తర్వాతిది ఎప్పుడో కనుక్కుని మీవారితో కలిసి వెళ్ళండి. ఎనిమిదో క్లాసు లెక్కల్లో పాపకు ఏం చెప్పారో నాకు రాయండి, జామెట్రీ సంగతి ఏమన్నారో కూడా.